రైన్ సీమలో ఒక ఉత్తరాయణం



పూజకు ఉపక్రమించే ప్రతి గృహస్థుడూ ముందుగా సంకల్పం చెప్పుకుంటాడు. ఏ కల్పంలో, ఏ మన్వంతరంలో, ఏ ద్వీపంలో, ఏ నదుల నడుమ, ఏ అయనంలో, ఏ ఋతువులో, ఏ తిథినాడు తాను ఈ కర్మను ఆచరిస్తున్నాడో స్పష్టంగా ఉచ్చరిస్తాడు. దేశకాలాతీతుడైన పరమాత్మను ఆరాధించబోయేవాడు తాను నిలిచిన జానెడు చోటును ముందు గుర్తించాలన్నది ఋషుల ఆశయం. స్వదేశంలో ఉన్నంతకాలం ఈ వాక్యాలు నాలుకపై అప్రయత్నంగా దొర్లిపోతాయి. దేశాంతరం వెళ్ళినవానికి మాత్రం అక్కడే మాట తడబడుతుంది. నేను ఏ నదుల నడుమ ఉన్నాను? ఇక్కడి చలి ఏ ఋతువు? ఈ ప్రశ్నలు పైకి చిన్నవిగా కనిపించినా, వీటి వెనుక సాధకుని జీవితానికి సంబంధించిన పెద్ద ప్రశ్న ఒకటి దాగి ఉంది. పరుల పండుగల మధ్య నివసించేవాడు తన ధర్మాన్ని ఎట్లా నిలుపుకోవాలి? నిలుపుకుంటూనే వారి ఆనందాన్ని ఎంతవరకు పంచుకోవచ్చు?

మా స్వస్థలం నిజామాబాదు జిల్లా బోధన్ ప్రాంతం. ఉత్తరాన గోదావరి, పడమట మంజీర. ఆ రెండూ హరిద్రా నదితో కూడి కందకుర్తి వద్ద త్రివేణి సంగమమై భక్తులను పునీతులను చేస్తున్నాయి. షోడశ మహాజనపదాలలో ఒకటైన అశ్మక దేశానికి రాజధానిగా చెప్పే పోదన నగరం ఈ బోధనే అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మంజీరపై 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో మా నేల చెరుకు సీమ అయింది. 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. దాని చుట్టూ ఏర్పడిన కాలనీకి షక్కర్‌నగర్ అనే పేరు స్థిరపడింది. ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారమని ఒకనాడు దానికి ఖ్యాతి. మా తాతగారు అందులో ఉద్యోగం చేసి, దాని వైభవకాలంలోనే విరమించారు. మా బాల్యంలో శీతకాలం అంటే క్రషింగ్ సీజన్. చెరుకు బండ్ల బారులు, ఎడ్ల మెడలోని గంటల సవ్వడి, బండి వెనుక పరుగెత్తి ఒక గడ లాగుకొనే పిల్లలు, ఊరంతా కమ్ముకొన్న మడ్డి వాసన. ధనుర్మాసపు తెల్లవారుజామున కోవెల గంటతో పాటు కర్మాగారపు సైరన్ కూడా మాకు సుప్రభాతమే. 2015 డిసెంబరులో ఆ యంత్రాలు ఆగిపోయాయి. నాటినుండి చెరుకు పండిన పొలాలలో చాలావరకు వరి, సోయా, పసుపు పండుతున్నాయి.

ప్రస్తుతం మేము జర్మనీ పశ్చిమ భాగంలో, ఆఖెన్, కొలోన్ నగరాల నడుమ ఒక చిన్న పట్టణంలో నివసిస్తున్నాము. దైవసంకల్పం ఎంత విచిత్రమో గమనించండి. చెరుకు సీమ విడిచి ఎక్కడికో వెళ్ళానని భావించిన నేను, మరొక చక్కెర సీమలోనే కాలు మోపాను. శరదృతువు మొదలైనది మొదలు జనవరి వరకు ఇక్కడి దారులలో ట్రాక్టర్లు చక్కెర దుంపలను పర్వతాలవలె మోసుకొని పోతుంటాయి. సమీపంలోని యూలిష్ పట్టణపు కర్మాగారం నుండి తెల్లని ఆవిరి ఆకాశానికి ఎగస్తుంది. వాసనలో చెరుకు పరిమళం లేదు. తడి మట్టిని ఉడికించినట్లుంటుంది. అయినా ఆ ఆవిరిని చూసిన క్షణాన మనస్సు షక్కర్‌నగర్‌కు పరుగెత్తుతుంది.

గత శీతకాలంలో మా అమ్మగారు బోధన్ నుండి వచ్చి రెండు నెలలకు పైగా మాతో గడిపారు. ఆమె కన్నులతో చూసినప్పుడే ఇక్కడి ఆచారాలు నాకు నిజంగా అర్థమయ్యాయని చెప్పాలి.

నవంబరు 11న ఇక్కడ మార్టిన్ అనే సాధువు పండుగ. శీతంతో వణుకుతున్న యాచకునికి తన ఉత్తరీయాన్ని కత్తితో రెండుగా చీల్చి సగం ఇచ్చిన పుణ్యాత్ముడాయన. ఆ సాయంకాలం పిల్లలందరూ తాము చేసిన కాగితపు దీపాలను కర్రలకు వ్రేలాడదీసుకొని, పాడుతూ వీధులలో నడుస్తారు. తొమ్మిదేండ్ల మా అమ్మాయి కూడా దీపం పట్టుకొని నడిచింది. అమ్మగారు గుమ్మంలో నిలిచి చూసి, "కార్తీకంల మనం ఆకాశదీపం కట్టినట్టే ఉన్నది బిడ్డా" అన్నారు. డిసెంబరు 4న బార్బరా అనే సాధ్వి పేర చెర్రీ కొమ్మను కోసి నీటిలో ఉంచుతారు. క్రిస్మస్ నాటికి అది పుష్పిస్తే శుభమని వీరి నమ్మిక. క్రిస్మస్‌కు ముందరి నాలుగు ఆదివారాలలో వారానికొకటి చొప్పున నాలుగు క్రొవ్వొత్తులు వెలిగిస్తారు. 1839లో హాంబుర్గ్ నగరంలో అనాథ బాలల కొరకు వీషెర్న్ అనే మతాచార్యుడు ఆరంభించిన పద్ధతి ఇది. చీకటి పెరిగినకొద్దీ దీపాల సంఖ్యను పెంచడం ఎంత సార్థకమైన సాధన!

నిజంగానే ఇక్కడి చీకటి ఘనమైనది. డిసెంబరు 21 ప్రాంతంలో పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. అదే సమయంలో నిజామాబాదులో సుమారు పదకొండు గంటలుంటుంది. సాయన గణన ప్రకారం సూర్యుడు ఉత్తరానికి మరలేది ఆ దినాననే. మనం నిరయణ పద్ధతిని అనుసరించి, దాదాపు 24 డిగ్రీల అయనాంశ వ్యత్యాసం వలన జనవరి 14 లేదా 15న మకర సంక్రమణాన్ని జరుపుకుంటాము. గణన వేరైనా ఉపాస్యుడు ఒక్కడే. మూడు వారాలు సూర్యబింబం కానరాని ప్రదేశంలో నిలిచి అర్ఘ్యం ఇచ్చినప్పుడు, ఆదిత్యుని ప్రత్యక్ష దైవమని మన పెద్దలు ఎందుకన్నారో తెలుస్తుంది.

సెలవు దినాలలో అమ్మగారిని చుట్టుప్రక్కల క్షేత్రాలకు తీసుకొని వెళ్ళాము. కొలోన్ మహాదేవాలయం 1248లో ఆరంభమై 1880లో పూర్తయింది. తరతరాల శిల్పులు, తాము చూడబోని శిఖరం కొరకు రాళ్ళు చెక్కారు. నిష్కామ కర్మకు ఇంతకన్న ఉదాహరణ ఏముంటుంది? బాన్ నగరంలోని పాత శ్మశానవాటికలో ఆగస్ట్ విల్హెల్మ్ ష్లెగెల్ సమాధిని దర్శించాము. 1818లో బాన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఈ పండితుడు దేవనాగరి అక్షరాలను పోత పోయించి, 1823లో భగవద్గీతను లాటిన్ అనువాదంతో సహా ముద్రించాడు. విషయం వినిపించగా అమ్మగారు చేతి సంచిలోని చిన్న పువ్వును ఆ రాతిపై ఉంచి నమస్కరించారు. గీతను కన్నులకద్దుకొన్నవాడు ఏ దేశస్థుడైతేనేమి అన్నది ఆమె భావం.

ఆఖెన్ క్రిస్మస్ అంగడిలో మరొక అనుభవం. అక్కడ ప్రింటెన్ అనే గట్టి మసాలా రొట్టె ప్రసిద్ధం. పూర్వం దానిని తేనెతో చేసేవారట. 1806లో నెపోలియన్ విధించిన దిగ్బంధం వలన సముద్రం మీదుగా వచ్చే చెరుకు చక్కెర, తేనె నిలిచిపోగా, దుంప పాకంతో చేయడం అలవాటైంది. ఆ పాకాన్ని ర్యూబెన్‌క్రౌట్ అంటారు. బంగాళాదుంప అట్లపై వేసి కూడా అమ్ముతారు. అట్టులో గుడ్డు కలుస్తుందని తెలిసి అమ్మగారు దానిని ముట్టలేదు. పాకాన్ని మాత్రం ఒక చెంచాడు రుచి చూసి, కన్నులు మూసుకొని, "ఇది మన చెరుకు పానకం లెక్కనే ఉన్నది గద!" అన్నారు. ఒక సీసా కొని ఇంటికి తెచ్చాము.

ఇక్కడ శాస్త్రమూ వేదాంతమూ కలిసే ఒక విషయాన్ని మనవి చేస్తాను. 1747లో బెర్లిన్‌లో మార్గ్‌గ్రాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త దుంప రసం నుండి స్ఫటికాలు తీసి, సూక్ష్మదర్శినితో పరిశీలించి, అవి చెరుకు చక్కెర స్ఫటికాలతో సర్వసమానమని నిరూపించాడు. ఆయన శిష్యుడు ఆఖార్డ్ 1801లో సైలీషియాలో తొలి దుంప చక్కెర కర్మాగారాన్ని స్థాపించాడు. ఎండకు వెలుపల పెరిగిన గడ, చలికి నేలలో దాగిన గడ్డ. వీటి నామరూపాలలో పోలిక లేదు. మాధుర్యం మాత్రం అణువణువునా ఒక్కటే. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు తేనె దృష్టాంతం చెప్తాడు. నానా వృక్షాల రసాలు తేనెపట్టులో ఏకమైన పిమ్మట, నేను ఫలానా చెట్టు రసమును అన్న వివేకం వాటికి ఉండదు. జీవులు సద్వస్తువులో లీనమైనప్పుడూ అంతే.

స్వదేశంలో ఈ దృష్టాంతం విన్నప్పుడు ఆనందం మాత్రమే కలిగేది. పరదేశంలో బిడ్డను పెంచే తండ్రిగా చదివినప్పుడు హృదయంలో ఒక ముల్లు గుచ్చుకుంది. ఏ చెట్టు రసమో మరచిపోవడం జ్ఞానికి ముక్తి కావచ్చు. జ్ఞానం కలుగకుండానే మరచిపోతే అది ముక్తి అవుతుందా? చెరుకు బండిని చూడని, షక్కర్‌నగర్ పేరు వినని నా కూతురు, రేపు తనదేదో తెలియకుండానే ఇక్కడి తేనెలో కలిసిపోతుందా? మనోహరమైన ఈ పండుగల మధ్య తిరుగుతున్నంతసేపూ నన్ను వెంటాడిన భయం ఇదే.

ఆ ప్రశ్న జనవరి 6న మా గుమ్మంలోకే వచ్చి నిలిచింది. ఆ ప్రాంతపు దినాలలో పిల్లలు ముగ్గురు రాజుల వేషాలతో, నక్షత్రపు కర్ర పట్టుకొని ఇంటింటికీ వస్తారు. శిశువైన ఏసును దర్శించిన ప్రాజ్ఞులు వారు. వారివని నమ్మే అస్థికలు 1164 నుండి కొలోన్‌లోనే పూజలందుకుంటున్నాయి. పాట పాడి, పేద బాలల కొరకు విరాళం స్వీకరించి, తలుపుపై సుద్దతో సంవత్సరాంకాన్నీ, నడుమ మూడు అక్షరాలనూ వ్రాస్తారు. ఆ అక్షరాలకు లాటిన్‌లో క్రీస్తు ఈ గృహాన్ని దీవించుగాక అని అర్థం. మా భవనంలో అన్ని తలుపులపైనా ఆ రాత ఉంది. వచ్చిన పిల్లలలో ఒకరు మా అమ్మాయి సహపాఠి. మా ద్వారానికి పసుపు పూసిన గడప, పైన తోరణం. అమ్మాయి ఆశగా నా వైపు చూసింది. నేను అమ్మగారి వైపు చూశాను.

ఆమె సంకోచించలేదు. "పిల్లలు వట్టి చేతులతోటి పోవద్దు. నువ్వుల ముద్దలు పెట్టు, పైసలియ్యి. రాత మాత్రం వద్దని మంచిగ చెప్పు బిడ్డా." నేను అట్లే చెప్పాను. పెద్ద పిల్లవాడు నవ్వి తల ఊపి, మరొక పాట పాడాడు. అమ్మగారు చేతులు జోడించి ఆ పాటను ఆద్యంతం విన్నారు.

ఆ రాత్రి అమ్మాయి అలిగింది. "బాపమ్మా, అందరి తలుపుల మీద ఉంది, మన తలుపు మీదే లేదు" అని కన్నీరు పెట్టుకుంది. అమ్మగారు దానిని ఒడిలోకి తీసుకొని, "ఊళ్ళె ఉన్న తల్లులందరికీ దండం పెడ్తం బిడ్డా. అమ్మా అని పిలిచేది మాత్రం ఒక్కతల్లినే గద" అన్నారు. మన ఆచార్యులు ఇష్టనిష్ఠ అని విస్తరించి బోధించిన తత్త్వం అంతా ఆ రెండు మాటలలో ఇమిడి ఉంది. అన్య దేవతలను శ్రద్ధతో కొలిచేవారి ఆరాధన కూడా తననే చేరుతుందని గీత తొమ్మిదవ అధ్యాయంలో భగవానుడు అభయమిచ్చాడు. అందుచేత వారి పాటను వినేటప్పుడు మనకు ద్వేషం ఉండరాదు. అయితే ఆ అభయం మన గడపను మనం విడిచిపెట్టమని చెప్పలేదు. అద్వైతాన్ని భావంలో నిలుపుకోవాలి కాని క్రియలన్నింటినీ కలగలపరాదని పెద్దలు హెచ్చరించింది ఇందుకే. ఉద్దాలకుని ఉపదేశంలో తరువాతి మాటను కూడా అప్పుడు గుర్తు చేసుకున్నాను. సత్తులో లీనమై తిరిగి వచ్చిన జీవులలో పులి పులిగానే, సింహం సింహంగానే లేస్తాయి. తత్త్వంలోని ఏకత్వం ఎవరి స్వరూపాన్నీ దోచుకోదు.

మరునాటి నుండి అమ్మగారు మనుమరాలికి బియ్యపు పిండితో చుక్కల ముగ్గు నేర్పసాగారు. భోగినాడు ద్వారం ముందరి రాతిపలకపై పిల్ల స్వయంగా తీర్చింది. సహపాఠి వచ్చి ఇదేమిటని అడిగితే, ఇది మా ఇంటి దీవెన అని జర్మన్ భాషలో వివరించింది. నా భయం పూర్తిగా తొలగిందని అనను. ముగ్గు ఒక వానకు చెరిగేదే. కాని రేపు మళ్ళీ వేయడం పిల్లకు తెలుసు.

సంక్రాంతినాడు ఒక ధర్మసందేహం ఎదురైంది. బోధన్ నుండి తెచ్చిన బెల్లం నువ్వుల ముద్దలకే అయిపోయింది. పరమాన్నానికి మిగిలినది ఆ దుంప పాకం ఒక్కటే. నేలలోపలి గడ్డ, పరదేశపు యంత్రం. నైవేద్యానికి పనికివస్తుందా అని నేను సందేహించాను. అమ్మగారు అన్నం, పాలు ఉడికించి, పాలు విరగకుండా పొయ్యి దించి ఆరనిచ్చిన తరువాత పాకం పోసి కలుపుతూ అన్నారు: "రాముడు పద్నాలుగేండ్లు అడవిల కందమూలాలే తిన్నడు. ఆయనకు లేని పట్టింపు నీకెందుకు బిడ్డా?"

స్వామికి నివేదించాము. రుచి చూసిన అమ్మాయి ఇది బోధన్ తీపా, ఇక్కడి తీపా అని బాపమ్మను అడిగింది. "ప్రసాదం" అన్నారు అమ్మగారు.

స్వస్తి.