మాట వినెడు చిప్పు

చిప్పు అనగానే కొబ్బరిచిప్పను దలచుకొను ముత్తైదువలు మా నల్లజర్లలో నిప్పటికిని కలరు. మేము ప్రస్తావింపబోవునది ఇరుప్రక్కల పదునాలుగేసి కాళ్ళతో జెఱ్ఱిని బోలియుండు నల్లని చిన్న తునక. మైక్రోకంట్రోలరని దీని పేరు. మనము వ్రాసి యెక్కించిన ఆజ్ఞలను ఇది కరెంటు పోయినను మఱవదు. వచ్చిన తోడనే మొదటినుండి నెరవేర్చుటకు బూనుకొనును. బట్టలుదుకు యంత్రములో నిట్టిదే దాగియుండి పనిచేయుచున్నది.

క్రొత్తగా నేర్చువారికి ఏది కొనియీయవలెనని తల్లులు మమ్మడుగుచుందురు. ఆర్డుయినో ఊనో యని మా యుత్తరము. 2005లో ఇటలీ దేశపు ఇవ్రేయా పట్టణమున, ఇంజనీరులు గాని విద్యార్థులకొఱకై కొందఱు ఉపాధ్యాయులు ఆర్డుయినో బోర్డును గల్పించిరి. వారు కూడుకొనుచుండిన పానశాలకు వేయేండ్ల క్రిందటి యొక రాజు పేరుండగా, ఆ పేరే దీనికి వచ్చినది. ఊనోలోని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పీకో ఇంతకంటె బలమైనది, చవకైనది. ఈఎస్‌పీ 32 ఫోనుతో సయితము మాటలాడగలదు. కాని వాని కాళ్ళు 3.3 వోల్టులకు మించి యోర్వవు. ఊనో 5 వోల్టులను దాళును. దైవికముగా చిప్పు కాలినను, గూటిలో నమర్చిన రకమైనచో ఆ యొక్క తునకను పెఱికి మఱియొకటి పెట్టుకొనవచ్చును. నేర్చుకొనుపిల్లకు చవకదానికంటె తప్పు సహించునదియే మేలని మా యభిప్రాయము.

దానికి వ్రాయు ప్రోగ్రాములో సెటప్, లూప్ అని రెండు భాగములు. పాలు కాచుటయే దీనికి దృష్టాంతము. పొయ్యి ముట్టించి గిన్నె పెట్టుట ఒకమారే, అది సెటప్. పొంగెనా యని చూచుట మాటిమాటికిని, అది లూప్. ఇంతమాత్రము తెలియని గృహిణి యెవతె?

మాది మెట్టసీమ, మా యింటికి బోరునీరే ఆధారము. మేడమీది ట్యాంకు నిండి నీరు పొరలిపోవుచుండగా, తొమ్మిదవ తరగతి చదువు మా యమ్మాయి మూతక్రింద ఒక సెన్సారు నమర్చినది. అది చెవికి వినబడని ధ్వనిని నీటిపైకి బంపి ప్రతిధ్వనికై కాచియుండును. సెంటీమీటరు దూరమునకు రాకపోకలకు సుమారు 58 మైక్రోసెకనులు పట్టును. నీరు 20 సెంటీమీటర్ల దగ్గఱకు వచ్చెనా, 1,160 మైక్రోసెకనులలోపల ప్రతిధ్వని తిరిగివచ్చి బజరు మ్రోగును. మొదటిదినమున ట్యాంకు సగమైనను నిండకయే మ్రోగినది! గోడకు దగిలి వచ్చిన ధ్వనిని అది నీరని భ్రమించినది. పిల్ల సెన్సారును నడిమికి జరిపి, వరుసగా ఐదుమారులు అదే లెక్క వచ్చిననే మ్రోగవలెనని వ్రాసినది. మోటారు స్విచ్చి మాత్రము మా చేతిలోనే యున్నది. 230 వోల్టుల జోలికి పిల్లలను పోనీయరాదు.

"ఆడపిల్లకు ఈ తీగల గొడవ యేలనమ్మా?" అని ప్రక్కయింటి పెద్దమ్మగా రడిగిరి. ట్యాంకు నిండెనా యని దినమునకు రెండుమారులు మెట్లెక్కుచున్నది ఎవరండీ యని మేమంటిమి. 2016లో నారంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ క్రింద, ఆఱు మొదలు పండ్రెండు తరగతుల పిల్లలకొఱకు పాఠశాలలలో టింకరింగ్ ల్యాబులు పెట్టుటకు 20 లక్షల రూపాయలవఱకు సాయము లభించుచున్నది. పెట్టెలు వచ్చినవి, సరే. ఒకచోట మేము చూడగా, తీగలు కలుపుట బాలురవంతు, రికార్డు వ్రాయుట బాలికలవంతు! దస్తూరి బాగుండుటయే వారి నేరము కాబోలు. మీ యమ్మాయి బడినుండి రాగానే, బోర్డును ఎవరు పట్టుకొనిరని తప్పక యడుగుడు.

మొన్న కైకలూరువైపునుండి మా పినతండ్రిగారు వచ్చి ఆ బజరును విని, తమ చేపలచెరువునకును ఒకటి చేసిపెట్టుమనిరి. రాత్రివేళ నీటిలోని ప్రాణవాయువు తగ్గుచు వేకువకు మిక్కిలి క్షీణించును. ఆ గడియలోనే చేపలు పైకి దేలి నోళ్ళు దెఱచును. దానిని గొలుచు సెన్సారు చిప్పుకంటె ఎన్నో రెట్లు ఖరీదైనది, తఱచుగా శుభ్రపఱచి సరిచూడవలసినది. ఒక యేటి పంటను పిల్ల చేతిపనికి అప్పగించుట మాకు సమ్మతము కాదు. అమ్మాయియే "తాతయ్యా, ముందు నీటి వేడిమి కొలిచి చూచెదను" అన్నది. నీరు సోకని ఉక్కుతొడుగు గల సెన్సారు ఒకటి, 4.7 కిలోఓముల రెసిస్టరు ఒకటి, పది మీటర్ల తీగ అని చీటి వ్రాసి, ఏలూరు వెళ్ళుచున్న మావారి జేబులో నుంచినది.