ఒక్క అణువుని పట్టి లాగితే

2021లో ఇక్కడ అమెరికాలో కోవిడ్ టీకా వేయించుకున్న మనలో చాలామందికి ఆర్ఎన్ఏ అన్న మాట కొత్త కాదు. టీకాలో అది సమాచారం మోసే దారం. కానీ చాలా ఆర్ఎన్ఏలు దారంలా పడి ఉండవు. తమమీద తామే మడతపడతాయి, ఆ మడతని బట్టే అవి చేసే పని.

ఆ మడత ఎలా విడుతుందో చూడాలంటే మామూలు పద్ధతి వేడిచెయ్యడం. కానీ పరీక్షనాళికలో ఉండేవి కోటానుకోట్ల అణువులు. "సగం విడింది" అని లెక్క వచ్చిందనుకోండి. ప్రతి అణువూ సగం విడిందా, లేక సగం అణువులు పూర్తిగా విడాయా? సగటు ఆ సంగతి చెప్పదు.

2001లో బర్క్‌లీలో కార్లోస్ బుస్తమాంటే, ఇగ్నాసియో టినోకోల బృందం ఒక్క అణువునే పట్టుకుంది. హెయిర్‌పిన్నులా మడతపడ్డ చిన్న ఆర్ఎన్ఏ, రెండు కొసలకీ పిడుల్లాంటి పోగులు, వాటి చివర చెరో పూస. ఒక పూసని లేజరు కాంతితో పట్టారు. ఆర్థర్ ఆష్కిన్‌కి 2018లో నోబెల్ తెచ్చిన ఉపాయమే అది. రెండోదాన్ని సన్నటి గాజుగొట్టంతో పట్టి మెల్లగా లాగారు. దాదాపు 14.5 పికోన్యూటన్ల దగ్గర మడత ఒక్కసారిగా విడిపోయింది. వంద గ్రాముల జామకాయ బరువు సుమారు ఒక న్యూటను. అందులో లక్ష కోట్లో వంతు పికోన్యూటను!

అసలు తమాషా ఏమిటంటే, బలాన్ని అక్కడే నిలబెడితే అణువు తనంతట తనే విడుతూ, మళ్ళీ ముడుచుకుంటూ గెంతులేసింది. ఉంటే మడత, లేకపోతే దారం. మధ్యలో ఆగడం లేదు.

తొందరగా లాగితే కొంత పని వృథాగా వేడైపోతుంది. కాబట్టి మడత విప్పడానికి అసలు ఖరీదెంతో తెలియదనే అనుకుంటాం. కానీ 1997లో క్రిస్టఫర్ జార్జిన్‌స్కీ ఒక సమీకరణం ఇచ్చాడు. చాలాసార్లు లాగి, తక్కువ పనితో అయిన అరుదైన ప్రయత్నాలకి బాగా ఎక్కువ తూకం ఇస్తే అసలు విలువే వస్తుందని దాని సారం. 2002లో బర్క్‌లీవాళ్ళు దీన్ని ఆర్ఎన్ఏ మీదే పరీక్షించారు. నెమ్మదిగా లాగి కొలిచిన విలువకీ దీనికీ దాదాపు తేడా లేదు.

సర్వరు లాగులు సగటులుగా కుదించి మిగతావి చెరిపేద్దామని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది. గజిబిజిగా లాగిన ప్రయత్నాల్లో కూడా సరైన జవాబు ఉంది, కానీ ప్రతి ఒక్కదాన్నీ విడిగా రాసిపెట్టుకున్నవాడికే అది దొరికింది.