కాటుక పళ్లెం

కొల్లేటి పక్క మా ఊళ్లో అమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి కాటుక పట్టేది. పళ్లేన్ని వత్తికి దగ్గరగా జరపనిచ్చేది కాదు, దూరంగానూ పెట్టనిచ్చేది కాదు.

తాడేపల్లిగూడెం నిట్‌లో చదివే మా మేనకోడలు నానో రేణువులెలా చేస్తారని అడిగితే, హైదరాబాదులో ఆ పనే చేసిన నాకు ముందు ఆ పళ్లెమే గుర్తొచ్చింది. లోహాన్ని ఆవిరి చేసి జడవాయువులోకి వదులుతారు. అణువులు ఢీకొంటూ, చల్లబడుతూ గుంపు కడతాయి. వాయువు పీడనం పెంచితే రేణువు పెద్దదవుతుంది, హీలియం బదులు బరువైన ఆర్గాన్ వాడినా అంతే. 1976లో గ్రాంక్విస్ట్, బుర్మన్ ఈ పద్ధతి మీదే రాశారు. నీళ్లూ ద్రావకాలూ తగలవు గనక సరుకు శుభ్రంగా వస్తుంది. ఎదుగుదలని ఆపడమే తంటా, వేడిలో కాస్త ఎక్కువసేపున్నా అతుక్కుని ముద్దవుతాయి.

“అయితే కాటుకా నానోయేనా మావయ్యా?”

మసి రేణువులు విడిగా కొన్ని పదుల నానోమీటర్లే. గొలుసులు కడతాయి, అది వేరే సంగతి. ఊక పొయ్యి పొగలోనూ అలాంటివే ఉంటాయి. ఆ పొయ్యి ముందే నలభై ఏళ్లు కూర్చున్న అమ్మకి దగ్గు తగ్గక ఏలూరులో ఎన్ని ఎక్స్‌రేలు తీయించామో! అంత చిన్నవి గనకే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయని చెప్పాను. ల్యాబులో పొడి గీకేటప్పుడు మాస్కు తియ్యొద్దన్నాను. విందో లేదో.