ఎవరూ అడగని రెండో ఏడాది

అమెరికా విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలో ఒక ఏడాది ఖర్చు పద్దులవారీగా ఉంటుంది: ట్యూషన్ ఫీజు, ఇంటి అద్దె, తిండి, ఆరోగ్య బీమా. ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో కూడా అందులోనే రాస్తారు. తర్వాతి ఏడాదికీ నమ్మదగిన ఆధారం ఉండాలని నియమం చెబుతుంది గానీ, కాగితాలతో చూపించమనేది మొదటి ఏడాదికే. ఎంఎస్ మామూలుగా రెండేళ్ల చదువు. ఎఫ్-1 విద్యార్థి వీసాకు తయారవుతున్న ప్రతి ఇల్లూ ఆ రెండో ఏడాది దగ్గరే లెక్క మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

మా ఇంట్లో లెక్కలు నేను చూస్తాను. మావారిది విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం, నాది బడిలో. మా పెద్దమ్మాయి రెండేళ్లు హైదరాబాద్‌లో పనిచేసి, 2024 ఆగస్టులో చేరేలా దరఖాస్తు చేసుకుంటే రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయం, ఏడాదికి 44 వేల డాలర్లు. రెండోది ఒక రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయం, 29 వేలు. అప్పుడు డాలరు 83 రూపాయల 50 పైసల దగ్గర ఉంది. ఒక ఏడాదికే చూస్తే తేడా పన్నెండున్నర లక్షలు. అంతేగా, పీఎఫ్‌లోంచి అడ్వాన్సు తీస్తే సరిపోతుందన్నారు మావారు. ఏడేళ్ల సభ్యత్వం నిండినవాళ్లు పిల్లల పైచదువుకి తమ వాటాలో సగం దాకా తీసుకోవచ్చని అప్పటి నిబంధన. రెండేళ్లకు వేసి చూపించాను. తేడా పాతిక లక్షలు, ప్రైవేటు దానికి మొత్తం 73 లక్షల పైచిలుకు. ఆయన సర్వీసు రెండేళ్లే మిగిలింది. 2021 జనవరి 27న కేంద్రం ఫ్యాక్టరీలో తన వాటా మొత్తం అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచి కూర్మన్నపాలెంలో, గాజువాకలో మాకు తెలిసిన ఏ ఇంట్లో పెద్ద అప్పు మాట వచ్చినా ముందు సర్వీసు ఎంత మిగిలిందో చూసుకోవడం అలవాటైంది. పీఎఫ్ ముట్టుకోకూడదని, రెండో విశ్వవిద్యాలయానికే వెళ్లాలని ముగ్గురం కూర్చుని తేల్చుకున్నాం. అమ్మాయికి ఆ పేరున్న చోటు మీద మనసుంది. ఆ సాయంత్రం దాని ముఖం చూసి నాకూ కష్టమనిపించింది. అయినా ఆ నిర్ణయం మార్చలేదు.

దానికి రెండేళ్లకు 48 లక్షల 40 వేలు కావాలి. బ్యాంకు నుంచి 30 లక్షలు, మా డిపాజిట్లలోంచి 12, అమ్మాయి దాచుకున్నవి 6. మిగిలిన చిల్లరకీ, రూపాయి పడితే పెరిగేదానికీ నా బంగారం అలాగే ఉంచాం.

తనఖా లేకుండా ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా ఇచ్చేది ఏడున్నర లక్షల దాకానే. ఆపైన స్థలమో ఇల్లో పెట్టాలి. మాకు అగనంపూడి దగ్గర వుడా లేఅవుట్‌లో 200 గజాల స్థలం ఉంది. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లాయరు ఒపీనియన్, వాల్యుయేషన్, అన్నీ అయ్యేసరికి వారాలు పట్టింది. మా పక్కింటివాళ్లది పంచాయతీ లేఅవుట్. ధర మాదానికంటే ఎక్కువే పలుకుతుంది, కానీ వాళ్ల బ్యాంకు దాన్ని తనఖాకు తీసుకోలేదు. స్థలం ఉంది కదా అని ధైర్యంగా ఉండకుండా, సీటు రాకముందే బ్యాంకులో కాగితాలు చూపించి అడగడం మంచిది.

ఈలోగా ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ అబ్బాయి మాకు వేరే దారి చెప్పాడు. "మేడం, బ్యాంకు చుట్టూ ఎందుకు తిరగడం? ఇరవై లక్షలు నెల రోజులు మీ ఖాతాలో ఉంటాయి, నలభై వేలు ఇవ్వండి. వీసా అవగానే వాళ్ల డబ్బు వాళ్లు తీసేసుకుంటారు." "అందరూ ఇలాగే చేస్తున్నారంట అమ్మా" అంది మా అమ్మాయి కూడా. తప్పుడు ఆధారం చూపించినట్టు తేలితే అమెరికా చట్టం ప్రకారం ఇక జన్మలో వీసా రాకుండా పోవచ్చు. అది ఒక భయం. దానికంటే నన్ను కలవరపెట్టింది, ఆ నలభై వేలతో ఒక్క డాలరు ఫీజు కూడా కట్టలేకపోవడం. డబ్బు లేని ఇంటికి డబ్బు ఉన్నట్టు కాగితం వస్తుంది, బిడ్డ విమానం ఎక్కుతుంది, జనవరిలో రెండో సెమిస్టర్ ఫీజు గడువు వస్తుంది. అప్పుడేం చేస్తుంది?

ఎఫ్-1 మీద ఉన్న పిల్లలు చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. బయట అనుమతి లేకుండా పనిచేస్తే హోదా పోతుంది. క్యాంపస్‌లో ఆ పని కూడా అందరికీ దొరకదు. ఫీజు కట్టలేని పిల్లలకు చవక ఫీజు, చేరిన రోజు నుంచే పని అని చెప్పే చోట్లు ఆశ చూపిస్తాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు వేశారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం బయటపడింది. దాన్ని అమెరికా ప్రభుత్వమే వలగా నడిపింది. అరెస్టయినవాళ్లు దాదాపు అందరూ భారతీయులు, వారిలో చాలామంది తెలుగువాళ్లు. వాళ్లందరి పరిస్థితి ఒకటేనని అనను. కానీ అలాంటి మాటకు లోబడకుండా ఉండే బలం పిల్లలకు ఇంట్లో వేసిన రెండో ఏడాది లెక్క నుంచే వస్తుందనుకుంటాను.

వీసా ఖర్చు వీటన్నిటి ముందు చిన్నది. దరఖాస్తు రుసుము 185 డాలర్లు, సెవిస్ రుసుము 350, కలిపి అప్పటి రేటులో 45 వేల లోపు. వీసా రాకపోతే 185 తిరిగి రాదు. సెవిస్ రుసుము మాత్రం ఏడాదిలోపు మళ్లీ దరఖాస్తు చేసుకుంటే పనికొస్తుంది. విశాఖలో ఇంటర్వ్యూ లేదు. వేలిముద్రలకూ, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకూ హైదరాబాద్ వెళ్లాల్సిందే. 2008లో హైదరాబాద్‌కు కాన్సులేట్ రాకముందు చెన్నై వెళ్లేవారు. ఖర్చు ఎవరు పెడుతున్నారని అధికారి అడిగితే, బ్యాంకు లోను 30 లక్షలు, మిగతాది అమ్మానాన్నలదీ నాదీ అని చెప్పిందట మా అమ్మాయి. ఉన్న మాటే కాబట్టి బట్టీ పట్టాల్సిన పని లేకపోయింది.

డబ్బు పంపేటప్పుడు బ్యాంకు పట్టుకునే పన్ను, టీసీఎస్ సంగతి ముందే తెలుసుకోవాలి. అప్పట్లో ఆర్థిక సంవత్సరానికి 7 లక్షలు దాటితే చదువుకి పంపే సొంత డబ్బు మీద 5 శాతం, బ్యాంకు లోను డబ్బు మీద అర శాతం పట్టుకునేవారు. రిటర్న్ వేస్తే ఆ సొమ్ము లెక్కలోకి వస్తుంది గానీ అందాకా మన చేతిలో ఉండదు. అందుకే ఫీజులన్నీ లోనులోంచి పంపి, సొంత డబ్బు మార్చికి ముందు కొంత, ఏప్రిల్ తర్వాత కొంత పంపాం. 2025 ఏప్రిల్ నుంచి పరిమితి 10 లక్షలైంది, లోను మీద టీసీఎస్ తీసేశారు.

నేను భయపడినట్టే రూపాయి పడింది. 2025 ఆగస్టులో డాలరు 87 పైన ఉంది, డిసెంబరులో 90 దాటింది. రెండో ఏడాదికి లక్షన్నర పైన ఎక్కువైంది. అందులో కొంత బంగారం కుదువపెట్టి సర్దాం. ఐ-20 రోజు రేటుతో రెండేళ్లూ లెక్కేస్తే ఎవరికైనా ఈ లోటు తప్పదు. డాలరుకు ఐదారు రూపాయలు ఎక్కువేసుకుని కూర్చోవాలి.

30 లక్షల లోను పదిన్నర శాతం వడ్డీకి పదిహేనేళ్లలో తీర్చాలంటే నెలకు 33 వేల పైచిలుకు. చదువుతున్నప్పుడు పడే వడ్డీ పేరుకోకుండా మేమే నెలనెలా కడుతున్నాం. ఈఎంఐని డాలరు జీతంతో పోల్చి చూసుకోవద్దని అమ్మాయికి ముందే చెప్పాను. వెళ్లకముందు ఇక్కడ దానికొచ్చిన జీతంలోంచి కూడా కట్టగలిగినంతే తీసుకున్నాం. ఉద్యోగ వీసా హెచ్-1బి కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమంటూ 2025 సెప్టెంబరులో ప్రకటన వచ్చిన రాత్రి అది ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఆ ఈఎంఐ అంకె మాకు ఆ రాత్రి ఉపయోగపడింది.

ఈ మే నెలలో చదువు అయిపోతుంది. ఆ తర్వాత పనిచేసుకోనిచ్చే ఓపీటీ కాలంలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండనివ్వరు. ఆ మూడు నెలల అద్దె, తిండి ఏ ఐ-20లోనూ ఉండవు. దానికోసం మావారి పేరున వేసిన డిపాజిట్ జూన్ మొదటి వారంలో చేతికొస్తుంది.