ఒక క్యాసెట్, రెండు వైపులు

మా తండాలో పాటకు ఎప్పుడూ కరువు లేదు. హోళీకి మగవాళ్లూ ఆడవాళ్లూ గుంపులు కట్టి లేంగీలు పాడేవారు. శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ తీజ్ పాటలు పాడేవారు. అత్తవారింటికి వెళ్లే పిల్ల తల్లినీ అన్నదమ్ములనూ పట్టుకుని ఏడుస్తూ ఢావ్లో పాడేది. ఏ పాటకు దాని రోజు ఉండేది. ఆ రోజు దాటిందంటే మళ్లీ సందర్భం వచ్చేదాకా వినపడేది కాదు. ఈ పాట నాది, ఆ పాట నీది అనుకున్నవాళ్లు ఎవరూ లేరు.

అందుకే 1992లో మా చేతికొచ్చిన క్యాసెట్ మాకు పెద్ద వింత. డబ్బు పెట్టి కొన్న పాట అదే మొదటిది. మేము అంటే ఒకే వరుస ఇళ్లలో పెరిగిన ఐదుగురు పిల్లలం. మాది మైలవరం దగ్గర లంబాడీ తండా. అప్పట్లో కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఇంట్లో గోర్‌బోలి, బడిలో తెలుగు.

ఆ ఏడాది జూన్‌లో వేపపండ్లు రాలాయి. ఏరి, తొక్క తీసి, గింజలు ఎండబెట్టి మైలవరంలో అమ్మాం. వచ్చిన డబ్బుతో గ్యాంగ్‌లీడర్ పాటల క్యాసెట్ కొన్నాం. పాటలు పెట్టుకోవడానికి మిషను మా కాకాది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు కూలికి వెళ్తూ పాత టూ ఇన్ వన్ ఒకటి కొనుక్కున్నాడు. దానికి పెద్ద సెల్లులు వేయాలి. సెల్లులు నీరసిస్తే పాట సాగిపోయేది, హుషారు పాట కూడా మూలుగులా వినపడేది. సెల్లులు తీసి ఎండలో పెట్టి, మళ్లీ వేసి, ఇంకో రెండు పాటలు లాగేవాళ్లం. టేపు బయటికొస్తే పెన్ను దూర్చి తిప్పి లోపలికి చుట్టేవాళ్లం.

తరువాతి హోళీ నాటికి మాలో పెద్దపిల్లకు ఒక ఆలోచన వచ్చింది. సినిమా పాట ఎప్పుడంటే అప్పుడు వింటున్నాం కదా, లేంగీని కూడా అలా వినకూడదా అని అడిగింది. ఖాళీ క్యాసెట్‌కు డబ్బు లేదు. కాకా ఉపాయం చెప్పాడు. క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. వాటిని విరిచేస్తే దానిమీద మళ్లీ రికార్డు కాదు. పాటలు చెరిగిపోకుండా కంపెనీలు అలాగే అమ్ముతాయి. ఆ కన్నంలో కాగితం కుక్కితే మిషను మళ్లీ రికార్డు చేస్తుంది. మేము బి సైడ్‌కు కాగితం కుక్కాం. హోళీ రాత్రి మిషనును గుంపు మధ్య పెట్టాం. ముందు ఒక సినిమా పాట తోక వినపడుతుంది, టక్కుమని శబ్దం, ఆ వెంటనే మా తండా ఆడవాళ్ల గొంతులు. వెనక కుక్కలు, పిల్లల అరుపులు కూడా పడ్డాయి.

దాదిని ఢావ్లో పాడమని అడిగాం. ఆవిడ పాడలేదు. “పిల్ల ఇల్లు విడిచి వెళ్లకుండా ఆ ఏడుపు ఎందుకురా? ఇంటికి మంచిది కాదు” అంది. ఎంత బతిమాలినా అంతే. ఆ పాట మా క్యాసెట్‌లో లేదు.

అప్పట్లో మేము చదివిన బడిలో మా మాట వింటే నవ్వేవారు. ఆ భాష ఇంట్లో పెట్టి రండి అన్న పంతులుగారు కూడా ఉన్నారు. అందుకని బడిలో ఏ సైడ్ పాడేవాళ్లం. సినిమా పాట పాడితే చప్పట్లు కొట్టేవారు. బి సైడ్ ఇంట్లోనే, అదీ తలుపు దగ్గరగా వేసుకుని. పన్నెండేళ్లకే మేము రెండు గొంతులతో బతకడం నేర్చుకున్నాం.

మాలో కొందరం టీచర్ ట్రైనింగ్ చదివి పంతుళ్లమయ్యాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా విద్య మొదలైంది. సవర, కువి, కోయ, గోండి, కొలామి వంటి భాషలతో పాటు బంజారా కూడా అందులో ఉంది. లిపి లేని మా మాటలను తెలుగు అక్షరాల్లో అచ్చు వేసి, పుస్తకంగా పిల్లల చేతికి ఇచ్చారు. ఇంట్లో పెట్టి రమ్మన్న భాష పాఠమైంది. బి సైడ్ బడికి వచ్చింది అని మేము నవ్వుకున్నాం.

క్యాసెట్ చాలా ఏళ్లు రేకు పెట్టెలో ఉంది. తేమకు బూజు పట్టింది. విజయవాడలో ఒక షాపులో శుభ్రం చేయించి ఫోన్‌లోకి ఎక్కించుకున్నాం. కొన్ని లేంగీలు నిలిచాయి. చివరిదాంట్లో గొంతుల కంటే గరగరే ఎక్కువ. పాడినవాళ్లలో ఇప్పుడు ఇద్దరే ఉన్నారు. వాళ్లకు వినిపిస్తే ముందు నవ్వారు. తరువాత, అందులో తప్పుపోయిన చరణాన్ని సరిచేసి పాడారు. క్యాసెట్‌లో లేని చరణం కూడా ఒకటి వచ్చింది.

దాది ఇప్పుడు లేదు. మా ఇంటి పెళ్లిళ్లలో డీజే పెడుతున్నారు. మా ఆడపిల్లలకు ఢావ్లో రాదు. రికార్డు కాకపోవడం వల్లే ఆ పాట పోయిందని కొన్నాళ్లు అనుకున్నాం. ఇప్పుడు అలా అనిపించడం లేదు. లేంగీ క్యాసెట్‌లో ఉన్నా, దాన్ని సరిచేయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. ఢావ్లోను దాది మిషనుకు పాడలేదు, పెళ్లిలో మాత్రం ప్రతిసారీ పాడింది. ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకోవలసిన చోట పెద్ద స్పీకర్లు వచ్చాయి.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ జేబులో ఉన్న ఫోన్ మా కాకా మిషను కంటే వంద రెట్లు మేలు. రికార్డు చేయండి. ముందు అనుమతి అడగండి. పాడే మనిషి పేరు, తండా లేదా గూడెం పేరు, తేదీ, ఏ సందర్భపు పాటో మొదట్లోనే చెప్పించండి. రెండు చోట్ల దాచండి. మాటలు తెలుగు అక్షరాల్లో రాసి, పాడినవాళ్లకే చదివి వినిపించండి. పాడనంటే బలవంతం చేయకండి, ఆ పాట రోజు వచ్చేదాకా ఆగండి.

తోటి టీచర్లకు ఒక మనవి. ఈసారి మీ పిల్లల ఇళ్లలో పెళ్లి జరిగితే, డీజే పెట్టే ముందు ముసలమ్మలకు ఒక్క గంట ఇమ్మని పెద్దలను అడగండి. పిల్లలను వాళ్ల పక్కన కూర్చోబెట్టండి.