గడప దాటని యుత్తరము

నిజాము ప్రభువుల కాలమున హైదరాబాదు రాజ్యమునకు వేఱుగా నొక తపాలా శాఖ యుండెను. 1869లో దాని మొదటి తపాలా బిళ్లలు వెలువడినవి. ఆ బిళ్ల రాజ్యము లోపల మాత్రమే చెల్లెడిది. పొలిమేర దాటవలసిన యుత్తరమునకు బ్రిటిషిండియా బిళ్ల నంటించి, యా ప్రభుత్వపు తపాలాలో వేయవలసి యుండెను. 1950 ఏప్రిల్ 1వ తేదీన నీ శాఖ భారత తపాలాలో లీనమైనది. మా తాతగారు ఈ సంగతి చెప్పగా చిన్ననాట వింతగా వింటిని. ఉత్తరము లోపలిదా, వెలుపలిదా యను నా ప్రశ్నయే యొకనాడు నన్ను తలవంచుకొనునట్లు చేయునని యప్పు డెఱుగను.

బర్కత్‌పురలో మా యింటికి సమీపమున బీద విద్యార్థుల వసతిగృహ మొకటి కలదు. పాలమూరు, నల్లగొండ ప్రాంతముల పిల్లలు అందుండి నారాయణగూడ, చిక్కడపల్లి విద్యాలయములకు నడచిపోవుచుందురు. 2023 వేసవిలో దాని కార్యదర్శిగారు నన్ను పిలిపించి, "నాయనా, ఈ యేడు దరఖాస్తులు కంప్యూటరు మీదను దీసికొందము. దరఖాస్తు రాగానే నా కొక యుత్తరము, బాలుని తండ్రి కొక యుత్తరము పోవునట్లు చేయగలవా?" యనిరి. ఈ విద్య నాకు వచ్చుననెడి గర్వముతో వెంటనే యొప్పుకొంటిని.

కంప్యూటరుల నడుమ నుత్తరములు చేరవేయు పద్ధతికి 1982లో జాన్ పోస్టెల్ గారు నియమావళి వ్రాసిరి. దానిని ఎస్.ఎం.టి.పి. యందురు. వెనుకటి హర్కారాలు సంచి నొకరి చేతినుండి యొక రందుకొన్నట్లు, ఒక యంత్ర ముత్తరమును వేఱొక యంత్రమున కందించును. ఈ పనికి నేను వీట్సే వెనెమా గారు రచించిన పోస్ట్‌ఫిక్స్ అను ప్రోగ్రామును నిలిపితిని. మనము దానికి ముఖ్యముగా మూడు సంగతులు తెలుపవలెను.

ఒకటి: ఏ పేరి యుత్తరములు మన యింటివి? ఈ పట్టిక పేరు మైడెస్టినేషన్. ఇందున్న పేరికి వచ్చిన యుత్తరము గడప దాటక, యా యంత్రములోని పెట్టెలోనే పడును. రెండు: వెలుపలి యుత్తరముల నెవరి చేతి కీయవలెను? ఇది రిలేహోస్ట్. చిన్న కచేరీల యంత్రములనుండి నేరుగా వచ్చు నుత్తరములను పెద్ద సంస్థలు తఱచుగా నమ్మవు. కావున 587వ ద్వారమున, సంకేతపదము చెప్పి, పేరుగల సర్వరున కప్పగింతుము. మూడు: ఎవరి యుత్తరములను మోయవలెను? ఇది మైనెట్‌వర్క్స్. ఇందు 127.0.0.1, అనగా తన్ను దాను మాత్రమే యుంచితిని. లోకమున కెల్ల తలుపు తెఱచినచో దొంగలు చొరబడి చెత్త యుత్తరములను మన పేర వెదజల్లుదురు.

రెండవ, మూడవ సంగతులయందు మిక్కిలి జాగ్రత్త పడితిని. మొదటిదానియందు మాత్రము "మన సంస్థ పేరు మన యింటిదే గదా" యని యా పేరు కూడ పట్టికలో జేర్చితిని. కాని సంస్థవారి తపాలా పెట్టెలు వేఱొక చోట, బయటి సర్వరులో నుండెను. పరీక్షకై నా సొంత చిరునామాకు ఉత్తరము పంపుకొంటిని, నిమిషములో జేరెను. సంతసించి యింటికి బోతిని.

జూలై నెలలో నొకనాడు అచ్చంపేటనుండి యొక రైతు కుమారుని వెంటబెట్టుకొని వానలో దడిసి వచ్చెను. చేతిలో నొక కాగితము. "దరఖాస్తు అందినదని మీ మిషనే జవాబిచ్చినది గద సారూ! నెల దాటె, మరల పిలువరైతిరి" అనెను. కార్యదర్శిగారి కేమియు దెలియదు. కాగితముపై వ్రాసి యిచ్చిన దరఖాస్తులతోనే గదులు నిండినందున వారి కనుమానము రాలేదు. వారు నావైపు చూచిరి.

యంత్రపు దినచర్య తెఱచితిని. ప్రతి యుత్తరము నెదుట "సెంట్" అనియే యున్నది. ప్రక్కనే "రిలే=లోకల్" అనియు నున్నది; దాని నేనెన్నడు చదివితిని కాను. కార్యదర్శిగారి పేరుతోనే యంత్రములో నొక ఖాతా యుండుటచే నుత్తరములు తిరిగి రాక యందే పడినవి. ఎవ్వరును తెఱవని యా పెట్టెలో పదునాలుగు దరఖాస్తు లుండెను.

పట్టికలోనుండి సంస్థ పేరు తీసివేసి, లోకల్‌హోస్ట్ మాత్ర ముంచి, పోస్ట్‌ఫిక్స్‌ను మరల చదివించితిని. రూట్ ఖాతాకు వచ్చు యంత్రపు నివేదికలు నా కందునట్లు ఏలియాసుల పట్టికలో వ్రాసితిని. దిద్దుటకు పది నిమిషములు పట్టెను. పదునలుగురు తండ్రులకు ఫోను చేయుటకు రెండు దినములు పట్టెను. పలువురు వేఱొక చోట జేరిరి. ఇద్దరు బాలురు చదువు మాని పనికి బోయిరి. కార్యదర్శిగారు చదువుగదిలో మూడు మంచములు వేయించి, అచ్చంపేట బాలునికి, ఆ యిద్దరికిని చోటిచ్చిరి. ఒకడు వచ్చెను, రెండవవాడు రాలేదు.

కార్యదర్శిగారు నన్ను నిందింపలేదు. "ఇకమీద నుత్తరము పంపిన పిమ్మట, అందినదా యని నన్నడుగు" మనిరి. ఇప్పుడు ప్రతి సోమవారము నుదయమున అట్లే యడుగుచున్నాను. చదువుగదిలో నా మూడవ మంచ మింకను ఖాళీగనే యున్నది.