సురభివారి పాట

నలుగురు కలిసి పాడే బృందానికి పదేండ్లు నిండితే గొప్ప. బీటిల్సువారంతటివారు 1960లో కలిసి 1970కల్లా విడిపోయినారు. 1962లో మొదలైన రోలింగ్ స్టోన్సువారు అరవై ఏండ్లు దాటినా పాడుతూ ఉంటే లోకం ముక్కున వేలు వేసుకున్నది. వేసుకోవలసినదే. కాని 1885 నుంచి ఆడుతూ పాడుతూ వస్తున్న తెలుగు బృందమొకటి ఉన్నదనీ, అందరూ ఒకే వంశంవారనీ చెబితే మన పిల్లలే "ఎవరండీ వారు?" అంటున్నారు. వారే సురభివారు. మేము వారి అభిమానులం. ఈ నాలుగు మాటలూ ఆ అభిమానం కొద్దీ వ్రాస్తున్నవే.

తోలుబొమ్మలాడించి బ్రతికిన మరాఠీ మూలాల కుటుంబం వారిది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారు కీచకవధను బొమ్మలను పక్కన పెట్టి మనుషులచేతనే ఆడించారు. ఆ ఊరిపేరే వారికి ఇంటిపేరంత అయింది. మీసాలు గొరిగించుకొన్న ద్రౌపదులు తెలుగు రంగస్థలాన్ని ఏలుతున్న ఆ రోజుల్లో వీరి ఆడవేషాలు ఆడవారే వేశారు. సంతతి పెరిగినకొద్దీ బృందాలు చీలి ముప్పైకి పైగా అయినవి. ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాటిలో 1937 నాటి శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. బాబ్జీగారంటేనే అందరికీ తెలుసు. 2022లో వారు కాలం చేశారు.

వీరి పద్ధతే వేరు. పెదనాన్న కంసుడైతే పిన్ని దేవకి. నిన్న బాలకృష్ణుడు వేసిన పిల్లవాడికి మీసం వస్తే వేషం మారుతుంది గాని కంపెనీ మారదు. వేషం లేనివారు తెర లాగుతారు, తీగెలు పట్టుకుంటారు. వంటా వారిదే, వేషాల పెట్టెలు మోసేదీ వారే. మన ఇళ్ళల్లో ఒక్క పెళ్ళికి పాతికమంది కలిస్తే మూడు అలకలు తప్పవు. అంతమంది బంధువులు రోజూ ఒకే నాటకంలో ఇమడటం మాయాబజారులోని మాయలన్నిటికంటె పెద్ద మాయ!

ఆ మాయలను గురించే అందరూ వ్రాస్తారు. నారదుడు మేఘాల్లోంచి దిగటం, బాణాలు ఆకాశంలో ఢీకొని నిప్పులు రాలటం, ఘటోత్కచుడి ముందు లడ్డూలు వాటంతటవే కదలటం. మాకూ అవి ముచ్చటే. కాని వేదిక పక్కన హార్మోనియం ముందు కూర్చున్న మనిషిని గురించి ఎవరైనా నాలుగు వాక్యాలు వ్రాయగా మేము చూడలేదు. మా దృష్టిలో సురభికి ప్రాణం ఆయనే. ఆరేండ్ల ప్రహ్లాదుడి గొంతు సన్నగా ఉంటుంది, అరవై ఏండ్ల హిరణ్యకశిపుడి గొంతు బొంగురుగా ఉంటుంది. ఇద్దరి శ్రుతీ ఆయన చేతిలోనే ఉండాలి. తీగె మీద దిగవలసిన నారదుడు ఆలస్యమైతే ఆలాపన అంతసేపూ సాగాలి. జనం "వన్స్ మోర్" అంటే చచ్చిపడ్డ రాక్షసుడు లేచి పాడతాడు గనుక, ఆయన చేయి అందుకూ సిద్ధంగా ఉండాలి. ముందుగా పట్టి ఉంచిన పాటకు ఈ పని చేతకాదు.

మంగళవాడవాళ్ళకు ఈ సంగతి ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. మా పావగడ తాలూకా కర్ణాటకలోదే, కాని మూడు వైపులా ఆంధ్రమే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఈ సీమ పల్లెల్లో కురుక్షేత్రం ఆడబోయేవాడు తెలుగు పద్యాన్ని కన్నడ అక్షరాల్లో నోటుపుస్తకంలో వ్రాసుకొని, హార్మోనియం మేష్టరు ముందు కూర్చుని రాగంతో వల్లిస్తాడు. లిపి రానివాడి నోట కూడా పద్యం తప్పు పోదు. సురభి పిల్లలూ అంతే. తల్లి ఒడిలో, తెర వెనుక విని నేర్చినవారే. తెలుగు కంటితో చదివే భాష మాత్రమే కాదు, చెవితో నిలిచే భాష కూడానని వారు నూట నలభై ఏండ్లుగా చూపిస్తున్నారు. మా వంటి పొలిమేర తెలుగువారికి ఆ చెవే ఆధారం.

కన్నడ తెలుగు రంగస్థలాలకు బంధుత్వమూ ఉన్నది. మా తుమకూరు జిల్లా గుబ్బి కంపెనీ 1884లో పుట్టింది. సురభికి ఏడాది పెద్ద. రంగస్థలం మీదికి నిజమైన ఏనుగును నడిపించిన గుబ్బి వీరణ్ణగారి కంపెనీ అదే. ఇల్లు విడిచి వచ్చి ఆ కంపెనీలో చేరిన కుర్రవాడొకడు పెద్దవాడై, రంగసంగీతంలో దేశమంతటా పేరు పొందిన బి.వి. కారంత్ అయినాడు. ఆయనే 1990లలో సురభివారి దగ్గరకు వెళ్ళి భీష్మ, చండీప్రియ, బ్రెహ్ట్ నాటకానికి తెలుగు రూపమైన బస్తీ దేవత యాదమ్మ చేయించారు. గుబ్బిలో తిన్న ఉప్పు సురభిలో తీర్చుకొన్నట్లయింది. ఊరూరా డేరా వేసిన నాటి గుబ్బి వైభవం ఇప్పుడు కథగా చెప్పుకోవలసినదే. సురభి గతీ అదే కాకూడదని మా ఆరాటం.

2013లో వీరు ఫ్రాన్సులోని మెట్జ్ నగరంలో మాయాబజారు ఆడి వచ్చారు. సంతోషమే. కాని పరదేశపు చప్పట్లు ఒకనాటి పండుగ. కంపెనీలో పొయ్యి వెలగటానికి టిక్కెట్టు కావాలి. చదువుకొన్న సురభి పిల్లలు నెలజీతాలకు వెళ్తున్నారంటే వారిని తప్పుపట్టే హక్కు, పాసు మీద నాటకం చూచి వచ్చే మనకు లేదు.

అందుచేత చదువరులకు మా మనవి ఒక్కటే. ఈసారి హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్ళినప్పుడు సురభి నాటకం ఉన్నదని తెలిస్తే పిల్లలను వెంటబెట్టుకొని టిక్కెట్టు కొని వెళ్ళండి. వాళ్ళు తీగెల వంక చూస్తారు, చూడనివ్వండి. మీరు మటుకు హార్మోనియం వినపడే చోటు చూచుకొని కూర్చోండి. పద్యం నచ్చితే మొహమాటపడక "వన్స్ మోర్" అనండి.